అందరూ అనుకునే మాట

ప్రొద్దుటూరులో నాగేశ్వరయ్య టైలరంగడి. మధ్యాహ్నం. మిషను ముందర నాగేశ్వరయ్య, ఎదురుగా ఇంగ్లీషు పుస్తకంతో కూతురు భవ్య.

"మళ్లా చదువు."

"వైడ్లీ బిలీవ్డ్."

"అంటే?"

"శానా మంది నమ్మేది. ఇంగోటి, పాపులర్ ఒపీనియన్. జనరల్ కన్సెన్సస్. ఇవన్నీ జంటగానే వాడాల నాయనా. జంట తప్పితే మార్కులు పోతాయి."

"ఊరంతా అనుకుంటాండారు అనేదానికి ఇన్ని మాటలా?"

"ఇన్ని. 'ఇట్ ఈజ్ వైడ్లీ బిలీవ్డ్' అని మొదలుపెడితే, ఎవురు నమ్మిందీ చెప్పే పన్లేదు."

"మంచి సదుపాయమే. మన ఊరోళ్లు ఇంగ్లీషు రాకనే ఆ పని బాగ చేస్తాండారు."

"నాయనా, పులివెందుల పెద్దమ్మ మళ్లా ఫోన్ చేసింది."

"ఆ కత్తెర ఇట్లియ్యి."

"అమ్మ ఆడనే ఉంది. కువైట్ నుంచి దిగి మూడు దినాలాయ. ఇంటికి రావాల్నా వద్దా, ఒక్క మాట చెప్పమంటాంది."

"కత్తెర అడిగినా."

"ఇదో. చెప్పు."

"నేనేం చెప్పేది? అందరూ అనుకుంటాండారు గదా."

"ఏమని?"

"నీకు తెల్దా?"

"నీ నోటితో చెప్పు."

"ఆడ ఎవునితోనో ఉన్నిందని."

"అందరంటే ఎవురు?"

"ఖాజాబీ. ఆమె గూడా కువైట్‌లో చేసొచ్చిందే గదా, ఆమెకు తెల్దా?"

"ఖాజాబీని అడిగినా. జమ్మలమడుగు బస్సులో ఫరూఖ్ చెప్తే విన్యానంది."

"అయితే ఫరూఖ్."

"ఆయప్పనూ అడిగినా."

"యా ఫరూఖ్?"

"ఎంతమంది ఉండారు? నీ పక్కన టీ అంగడి ఫరూఖ్. 'మీ నాయనే చెప్పినాడు గదమ్మా, ఈ బెంచీ మీద కూచోని' అన్యాడు. మిషను ఆపు నాయనా. గుడ్డ లేకుండా తొక్కుతాండావు."

"నేను ఫోన్ చేస్తే మొగోడు ఎత్తినాడు. ఆమె నెంబరే."

"ఏమన్యాడు?"

"హలో అన్యాడు."

"తర్వాత?"

"పెట్టేసినా."

"అంతేనా? ఎవురు నువ్వు అని గూడా అడగలే?"

"ఏమని అడగాల? నా పెండ్లాం ఉందా అనా?"

"ఆడ అమ్మను పనిలో పెట్టుకున్న ఇంటామె ఫోన్ లాక్కోని బీరువాలో పెట్టింది. రీచార్జి లేక సిమ్ము చచ్చిపాయ. కంపెనీ ఆ నెంబరు ఇంగొకనికిచ్చింది. ఎవురో కేరళ డ్రైవరు. పెద్దమ్మ ఆయప్పతో మాట్లాడింది."

"అది నాకప్పుడెట్ల తెలుస్తాది?"

"తెలీకుండానే చెప్పినావు."

"కడుపు మండి చెప్పినా. ఒక్కనికే చెప్పినా. నెల తిరగలేదు, రాజుపాలెం నుంచి జాకెట్లు కుట్టించుకోను వచ్చినామె నాకే చెప్పింది, పాపం అప్పా, నీకిట్లయిందంటనే అని. నా మాటే. వేరేవాళ్ల నోట్లో వింటే నిజమే అనిపించింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడేమీ అనిపించడంల్యా."

"రమ్మనాల్నా వద్దా?"

"రేపు ఈ బజారులో నేను మొగం యాడ పెట్టుకోవాల?"

"ఇంతవరకూ యాడ పెట్టుకున్నావో ఆడనే."

"నోరు ఎక్కువైంది నీకు."

"చెప్పు నాయనా."

"సరే. ఫరూఖ్‌కు చెప్తా, నేనన్నది తప్పని."

"ఆయప్పకొక్కనికి చెప్తే సాల్తాదా?"

"సాలదు. కనపడినోనికల్లా చెప్తా. ఇంగేం చెయ్యమంటావు? లే, అంగడి మూస్తా. రెండున్నర బస్సుకు పోయి మనమే పిల్చుకోని వద్దాం."

"నువ్వు పోయి రా."

"అదేంది? ఇంతసేపూ పోరు పెట్టింది నువ్వే గదా."

"నాకు పరీక్షుంది."

"సోమారం గదా పరీక్ష. లే."

"నేను రాలేను నాయనా."

"మీయమ్మ దిగంగానే నిన్నే అడుగుతాది."

"అడగదు."

"ఏం మాట్లాడతాండావు?"

"ఉగాది ముందర కొత్త నెంబరు నుంచి అమ్మ నాకు ఫోన్ చేసింది. ఎవురినో బతిమాలి ఫోన్ తీసుకున్నట్టుంది, శానా మెల్లగ మాట్లాడింది. మాయమ్మ చచ్చిపోయింది, ఇంగెప్పుడూ చెయ్యొద్దు అని పెట్టేసినా."