తలుపేసుకుని అడిగిన మాట

డయాలసిస్ వార్డు పక్కన సామాను గది. పొద్దుటి డ్యూటీ ఇంకా మొదలవలేదు. వార్డులో మిషన్లు చూసే వదిన లోపల ఉంది. గుమ్మంలో ఆమె మరిది.

“మరి లోపల ఎవరితో మాట్లాడుతున్నావు వదినా? ఇందాకట్నుంచి తలుపు కొడుతున్నా.”

“ఎవరితోనూ కాదు.”

“గొంతు వినపడింది.”

“ప్రార్థన చేసుకుంటున్నా. కాస్త పక్కకి జరుగు, ఆ సెలైన్ పెట్టెలు మీద పడతాయి.”

“ఇక్కడా? ఈ పెట్టెల మధ్యా?”

“ఇంట్లో ఎక్కడుంది చోటు? ఒక పక్క పాప, ఒక పక్క అత్తయ్య. డ్యూటీకి ముందు ఇక్కడికెవరూ రారు. తలుపుంది, గడియుంది. చాలదూ? నీ సంగతేంటి, సైటుకి వెళ్ళలేదా?”

“వెళ్తాలే. సూపర్‌వైజర్ని కదా, కాస్త ఆలస్యమైతే అడిగేవాడెవడు. అయినా చర్చిలో చేస్తావు, ప్రార్థన కూడికలో చేస్తావు. మళ్ళీ ఇక్కడొకటా?”

“అక్కడ చేసేది వేరు. నలుగురూ వింటారని మాటల్ని ఇస్త్రీ చేసి తీస్తాం. శత్రువుని క్షమించే మనసివ్వు తండ్రీ అంటాను. అందరూ ఆమెన్ అంటారు. పాస్టరమ్మ వీపు నిమురుతుంది. ఇంటికొచ్చాక అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాదు నాకు.”

“మరి ఇక్కడేమంటావు?”

“ఎందుకొచ్చావో చెప్పు.”

“నువ్వు ముందు చెప్పు.”

“ఆ కాంట్రాక్టరు చావాలంటాను.”

“వదినా.”

“ఏం, అలా చూస్తావేం? అడిగింది నువ్వే. వాడు సుఖంగా పోకూడదంటాను. మీ అన్నయ్య కిందపడ్డాక ఎలా కొట్టుకున్నాడో, వాడూ అలాగే కొట్టుకుని పోవాలంటాను. ఒకరోజైతే వాడి పిల్లల్ని కూడా వదలొద్దని అడిగా. అడిగాక నా మాట నాకే వినపడింది. ఆ రోజంతా మా పాప మొహం చూడలేకపోయా.”

“దేవుణ్ణి అలాంటివి అడగొచ్చా?”

“తలుపేసుకుని ఒక్కదాన్నే రమ్మన్నాడు. తయారై రమ్మనలేదు.”

“సరే, విన్నాడుగా మరి. వాణ్ణి తెచ్చి నీ వార్డులోనే పడుకోబెట్టాడు.”

“నీకెవరు చెప్పారు?”

“సైటులో అందరికీ తెలుసు. కిడ్నీలు రెండూ పోయాయంట కదా. అబద్ధమా?”

“నిజమే. కిటికీ పక్క మంచం. సూది గుచ్చేది కూడా నేనే.”

“నిన్ను గుర్తుపట్టాడా?”

“మొదటిసారి పట్టలేదు, మాస్క్ ఉంది కదా. రెండోసారి నా బ్యాడ్జీ మీద ఇంటిపేరు చదివాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.”

“భయపడ్డాడన్నమాట.”

“పడాలిగా. నాకెంత హాయిగా ఉందో తెలుసా? ఆ చెయ్యి అలాగే పట్టుకుని, కదలకండి, నరం తప్పుతుంది అన్నా. మామూలుగా అందరికీ చెప్పే మాటే. చెప్పిన తీరు మాత్రం వాడికి అర్థమైంది.”

“ఇంకేం మరి.”

“ఏంటి ఇంకేం?”

“మిషన్ నీ చేతిలో ఉంది వదినా. వాడి రక్తమంతా దాంట్లోంచే పోతుంది. ఎక్కడో ఏదో అటూ ఇటూ అయితే ఎవడడుగుతాడు? ఇలాంటి వార్డుల్లో పోయేవాళ్ళు పోతూనే ఉంటారు.”

“నెమ్మదిగా మాట్లాడు.”

“అన్నయ్య పరంజా మీంచి పడ్డప్పుడు ఎవడడిగాడు? చెక్కలు పుచ్చిపోయాయి, వాటి మీద నిలబడి పెయింట్ వెయ్యలేం, మార్చమని మొత్తుకున్నాడు. మార్చాడా వాడు? పైగా విచారణలో తాగి ఎక్కాడని...”

“ఆ మాట నా దగ్గర అనొద్దు.”

“నేనన్నానా? వాళ్ళన్నారు.”

“చర్చిలో ప్రభు భోజనమప్పుడు ఇచ్చే చుక్క ద్రాక్షరసానికే మొహం అదోలా పెట్టే మనిషి. ఆయన్ని తాగుబోతన్నారు. బళ్ళో పాపని తాగుబోతు కూతురంటున్నారు. అత్తయ్య చర్చికి రావడమే మానేసింది.”

“అమ్మ సంగతి ఇప్పుడెందుకు?”

“ఎందుకేంటి? ఆవిడ కొడుకే కదా. మనిషి పోయిన బాధ ఏదో ఒక పూటైనా మరుపొస్తుంది చిన్నా. ఈ మాట మరుపురాదు. గొంతులో ముల్లులా అలాగే ఉంది.”

“అందుకే చెప్తున్నా. వాడు మళ్ళీ దొరకడు.”

“నీకెందుకంత తొందర?”

“నాకు అన్నయ్య కాదా?”

“అవును. అన్నయ్యే.”

“నీకు ధైర్యం చాలకపోతే చెప్పు...”

“ధైర్యం గురించి నువ్వు చెప్పకు. మొన్న వాడి మిషన్ అలారం మోగింది. నర్సు ఎక్కడో ఆ చివర ఉంది. నేను పక్కనే ఉన్నా. కదల్లేదు.”

“కదల్లేదా?”

“వాడు నా వంకే చూస్తున్నాడు. నోరెండిపోయి మాట రావట్లేదు. దుప్పటి పట్టుకుని నలిపేస్తున్నాడు. చూడరా, ఇంకా చూడు అనుకుంటూ నిలబడ్డా.”

“తర్వాత?”

“తర్వాత సరిచేశా.”

“ఎందుకు? ఎవరూ చూడట్లేదుగా.”

“ఆ పొద్దున ఇక్కడ వాడి చావు నోరారా అడిగేశా. తిట్టి, ఏడ్చి, ఆ గోడ మీద గుద్ది, కడుపులో ఉన్నదంతా ఆయన ముందు కక్కేశా. ఇంక చేతులకి చెయ్యడానికేం మిగల్లేదు. ఆ కాసేపూ ఈ గదిలో కూర్చోకుండా నేరుగా వార్డులోకి వెళ్ళుంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.”

“ప్రార్థన నిన్ను పిరికిదాన్ని చేసింది.”

“హంతకురాల్ని కాకుండా ఆపింది. నువ్వు ఏ పేరైనా పెట్టుకో.”

“అంటే వాణ్ణి క్షమించేశావా?”

“లేదు.”

“మరి?”

“లేదన్నానుగా. క్షమించానని బయట చెప్పగలను. ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇక్కడ అబద్ధం నోట్లోంచి రాదు.”

“వాడు... నీతో ఏమైనా మాట్లాడాడా?”

“ఎప్పుడు?”

“అదే, ఆ అలారం మోగాక.”

“మాట్లాడితే?”

“ఏం లేదు. రోగం ముదిరినవాళ్ళు నోటికొచ్చింది వాగుతుంటారు. తప్పంతా ఇంకొకడి మీదికి తోసేస్తారు. నమ్మకు.”

“ఎవరి మీదికి?”

“ఎవరి మీదికో. నాకేం తెలుసు.”

“విచారణ రోజు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల ఎవరేం చెప్పారో నువ్వే వచ్చి చెప్పావు, గుర్తుందా? తాగి ఉన్నాడని కాంట్రాక్టరే చెప్పాడన్నావు.”

“అవును. వాడే చెప్పాడు. ఇప్పుడదంతా ఎందుకు?”

“ఊరికే. వాడి నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందా అని ఇన్నాళ్ళూ ఆలోచించా. ఆ నోరు పడిపోవాలని కూడా అడిగా.”

“పడిపోతుంది. నువ్వు తలుచుకుంటే ఇవాళే పడిపోతుంది.”

“ఇవాళే కావాలా?”

“వాడు పోతే మనందరికీ మంచిది వదినా. నీకూ, పాపకీ, అమ్మకీ. ఆ కథ అక్కడితో అయిపోతుంది.”

“నీకు?”

“నాకేముంది? మీకోసమే కదా పొద్దున్నే ఇంత దూరం వచ్చింది.”

“డ్యూటీకి టైమైంది. నన్ను వెళ్ళనివ్వు.”

“ముందు జవాబు చెప్పు. వాడి మిషన్ దగ్గర ఏం చేస్తావు?”

“బతికిస్తా. కళ్ళలో వత్తులేసుకుని కనిపెట్టుకుని ఉంటా. వాడి చావు అడిగిన ఈ నోటితోనే ఇవాళ వాడి ఆయుష్షు అడిగా. ప్రభువా, ఇవాళ వాడికేమీ కాకూడదని మోకాళ్ళ మీద పడి అడిగా.”

“వాడి కోసమా? అన్నయ్యని చంపినవాడి కోసమా? నీకేమైనా మతి పోయిందా?”

“విచారణ అధికారి మధ్యాహ్నం వాడి మంచం దగ్గరికొస్తున్నాడు చిన్నా. సూపర్‌వైజర్ పనికి ఆశపడి, మీ అన్నయ్య తాగి ఎక్కాడని దొంగసాక్ష్యం చెప్పింది నువ్వేనని, నాతో చెప్పినట్టే ఆయన ముందూ చెప్పేదాకా వాడు బతకాలి.”