సిమెంటు కొంగలు

గాజువాక అవతల కొత్త లేఅవుట్లో, మట్టితో కప్పేసిన గెడ్డ పక్కన, తనిఖీకొచ్చిన ప్లానింగ్ ఆఫీసరు తన బావ నిలబెట్టించిన సిమెంటు కొంగల్ని చూస్తున్నాడు.

"రూల్ ప్రకారం పచ్చదనం ఉండాలన్నారు. గడ్డి ఏయించాను, కొంగల్ని ఎట్టించాను. ఇంకేటి కావాల?"

"గెడ్డ కావాల బావా. నీళ్లు, తుంగ, సేపలు, వాటికోసం వాలే కొంగలు ఉన్నవున్నట్టు ఉంచుతానంటేనే నీకు పర్మిషన్ ఇచ్చాం."

"ఇంత మట్టీ మళ్లీ తవ్వమంటావేటి?"

"తవ్వించు. అందాకా ఒక్క ప్లాటూ అమ్మనివ్వను."

"మీ అక్క మొహమైనా సూడవేటిరా?"

అతను కొంగల మీంచి చూపు తిప్పి బావ వైపు చూశాడు.

"సూసే వచ్చాను. గెడ్డ కప్పేసేరు, కొంగలు రావట్లేదని అర్జీ ఎట్టింది అక్కే."