రెండు జనరేటర్లను కలిపిన సాల్మన్

ఏమ్మా ఝాన్సీ, పెనుకొండలో నీ పనికాడ రెండు జనరేటర్లు వాటంతట అవే చూసుకోని కలుస్తాయా? బటన్ నొక్కితే చాలా! మీ తాత సాల్మన్ ఉంటే నవ్వుతాండె. నువ్వు ఆయన్ని చూసిందే లేదు గదా. హిందూపురంలో మా నూలు మిల్లుకు ఆయన ఆపరేటరు, నేను ఫిట్టరు. కరెంటు పోతే జనరేటర్లు రెండూ కలిపితేనే మిల్లంతా తిరిగేది, ఒక్కదాంతో సగమే. ఊరికే కలిపితే కుదరదు. వోల్టేజి ఒకటే ఉండాల, వేగం ఒకటే ఉండాల, కరెంటు ఎగిసేదీ దిగేదీ రెండిట్లోనూ ఒకేసారి కావాల. దానికి మీ తాత రెండిట్నీ కలిపే స్విచ్చి మింద ఆరు బల్బులు కట్టిండె, తీగకు రెండేసి. తేడా ఉంటే వెలుగుతాయి, సరిగ్గా కలిసినప్పుడు అన్నీ ఆరిపోతాయి. అయిదు సెకన్లకొకసారి, అంటే నిమిషానికి పన్నెండుసార్లు, మెల్లగా ఆరాల. ఆ చీకటి నడిమధ్యన స్విచ్చి ఎయ్యాల. ఇంకా జోరుగా ఆరితే ఎయ్యనిచ్చేటోడు కాదు. అదేం లెక్కో, వేళ్లమిందే!

ఒకసారి ఒక జనరేటరు ధర్మవరంలో రిపేరై వచ్చె, మిల్లులో దాని తీగలు మళ్లా బిగించిండిరి. పగలు పదకొండుకు కరెంటు పాయ. మేనేజరు చిన్నస్వామి తొందర. "ఏమప్పా, మీటర్లు రెండూ ఒకటే చూపిస్తాండాయి గదా, ముహూర్తం కోసం చూస్తాండారా?" స్విచ్చి పిడి నా చేతిలో ఉండాది. బల్బులేమో కలిసి ఆరడంల్యా, ఒక జంట ఎనక ఇంకో జంట, గుండ్రంగా తిరిగినట్ల వెలుగుతాండాయి. "నరసప్పా, ఎయ్యి!" అనె మేనేజరు. ఎయ్యబోతాంటే మీ తాత నా మణికట్టు పట్టుకునె. "తీగలు తారుమారైనాయి సార్. ఎయ్యనియ్యను." "అయితే రేపట్నుంచి రావాకు!" "రావద్దంటే రాను సార్. ఈ స్విచ్చి మాత్రం పడదు." ఇంట్లో నలుగురు పిల్లోళ్లమ్మా ఆయనకి! ఏసింటే ఏమయ్యేదో నీకు నేను చెప్పల్నా, ఆ స్విచ్చి పెట్టె నా మొగంలోనే పేలేది.

ఇంజన్ ఆపి, రెండు తీగలు అటుదిటు మార్చి, మళ్లా తిప్పె. ఆరు బల్బులూ కలిసి వెలిగె, కలిసి ఆరె. "మూడు, నాలుగు... ఎయ్ నరసప్పా!" ఏసినా. మిషన్ దగ్గనుకూడా దగ్గల్యా తల్లీ! మిల్లంతా చప్పట్లు.

అప్పుడు చిన్నస్వామి అడిగె, "తీగలు తప్పు బిగించింది ఎవరు?" అని. మీ తాత నా తట్టు చూడనన్నా చూడలా. "నేనే సార్" అనె. మూడు దినాలు పనికి రావద్దనిరి. తిరిగొచ్చినాక నాతో, "రంగులు చూసి బిగించురా" అన్యాడంతే.

బిగించింది నేనమ్మా...

అదో, నీ కంపెనీ బస్సు. పరిగెత్తు, పరిగెత్తు!