కుడికాలు ముందు

పడితే పడినాలే మేడమ్, దెబ్బేం తగలల్యా. ఆ గ్లాసు నీళ్ళు అట్ల పెట్టి, ముందు నా అప్పీలు ఇనండి. మూడు నెలలుగా తిరగతాండా!

పేరు శ్రీరంగప్ప. ధర్మవరంలో చీరల నేతకు దారం కండెలు చుడతా. మగ్గం నాకు యాడ కుదురుతాది? గుంతలో దిగి తొక్కల్లంటే రెండు కాళ్ళు కావల్ల గదా. నాకుండేది ఒకటిన్నర. మూడేండ్లప్పుడు పోలియో వచ్చి ఈ కుడిది సన్నబడిపోయినాది.

ఉన్నట్టుండి పింఛన్ నిలిపేసినారు. ఏమప్పా అంటే, క్యాంపులో డాక్టరు నా డెబ్బై శాతం అవిటితనాన్ని ముప్పైకి దించినాడంట. నోటీసేమో పింఛన్ ఆగిన నెలకు వచ్చినాది! పెండ్లయినాక శుభలేఖ ఇచ్చినట్ల!

దొంగోన్నైనా 'నువ్వేనా చేసింది?' అని అడుగుతారు గదా మేడమ్? నన్ను ఒక్క మాట అడగల్యా. కాలు ముట్టుకోని గూడా సూడల్యా.

ఆ కాగితంలో డాక్టరు ఏం రాసినాడో మీరే సదవండి. 'కుడికాలు బాగానే ఆడుతోంది. గడప దాటేటప్పుడు ముందు దాన్నే పెట్టాడు.'

నవ్వుతాండారా? నవ్వండి, నవ్వండి. మంచి పనికి పోతే ఎవరైనా కుడికాలే గదా ముందు పెట్టేది! నేనెట్ల పెట్టినానో ఆయప్పకేం తెలుసు? బయట గోడకానుకోని, రెండు చేతుల్తో తొడ పట్టి, బియ్యం మూట ఎత్తినట్ల ఎత్తి లోపలికేసినా. లోపల కూర్చున్నోనికి పాదం ఒకటే కనపడినాది.

ఇదంతా మా ఆడమనిషి రామాంజినమ్మ చేసిన పని మేడమ్. కుడికాలే పెట్టల్ల అని ఒట్టేయించుకునింది.

ఏమంటిరి? వేరే డాక్టరు సూస్తాడా? నా మాట గూడా రాసుకుంటారా? అంతవరకూ పింఛన్ మళ్ళా ఇస్తారా? సల్లగా ఉండండి తల్లీ! ఆ మాటే కాగితం మీద రాసి ముద్రేసి ఇయ్యండి. నోటిమాటలు నీటిమూటలు గదా, మిమ్మల్ని అనడం ల్యా.

ఆఁ? ఈసారి ఎడమకాలు ముందు పెట్టి పొమ్మంటారా?

అదొక్కటి చెప్పొద్దండి మేడమ్.

సరే, నిజం చెప్పేస్తా. రామాంజినమ్మ పాపం ఏ ఒట్టూ వేయించుకోల్యా. 'ఎడమకాలే పెట్టి పో, లేకుంటే పింఛన్ పోతాది సూడు' అని ఆ పొద్దు తల కొట్టుకునింది ఆయమ్మే. ఇనకుండా పోయింది నేను. ఎడమది పెడితే పని చెడతాదని నాకు భయం.

ఇందాక మీ గడపలో పడితి గదా? కుడికాలు ముందు పెట్టబోయే పడినా.