నాన్న తుమ్ము

ముక్కు డాక్టరు టార్చి వేసి చూసి ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా కూర్చున్న గౌస్ బాషా తల ఇంకాస్త పైకెత్తాడు.

"మిర్చి యార్డులో పనా?"

"కాదండి, బట్టల కొట్టు."

"మరి ముక్కంతా పుండేమిటి?"

"రోజూ ఇంత కారప్పొడి పీలుస్తానండి. మా పాప నస్రత్‌కి ఆటిజం. ఎవరు పిలిచినా తలెత్తదు. నేను తుమ్మితే మాత్రం నా మొహంలోకి చూసి నవ్వుతుంది."

"ఉత్తుత్తిగా తుమ్మొచ్చుగా?"

"కనిపెట్టేస్తుందండి. గోడవైపు తిరిగిపోతుంది."

"ఇంకో నెల పీలిస్తే ముక్కు దక్కదు. ఇవాళే మానెయ్యండి."

"మానేస్తే నన్ను చూడదు కదండీ?"

"మీ ఆవిడైనా వద్దనలేదా?"

తలుపు అవతల పెద్ద తుమ్ము వినిపించింది. వెంటనే ఓ పిల్ల పకపకా నవ్వింది.

బాషా మొహం వెలిగిపోయింది.

"ఆవిణ్ణే అడగండి సార్. నా తర్వాత టోకెన్ ఆవిడదే."