ఇరవై ఏడో తప్పు

హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో బుచ్చయ్య ఇల్లు. భార్య చంద్రమ్మ పోయి తొమ్మిది నెలలు. ఎదురుగా, చేతిలో ఓ కాగితంతో, ఆమె తమ్ముడి కొడుకు ఎల్లేష్; ఆస్పత్రి టోకెన్లు నడిచే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగి.

“మళ్ల చదువు.”

“రెండుసార్లు చదివిన గద మామా.”

“మూడోసారి చదువు. నీ నోరేం అరిగిపోదు.”

“‘కొత్త వెర్షన్‌లో సరిచేసిన తప్పులు. ఇరవై ఏడు: ఒకరి కోసం తయారైన పేజీని సర్వర్ దాచిపెట్టుకొని, ఇంకొకరికి అదే చూపిస్తోంది. సరిచేశాం.’ గంతే.”

“నాకర్థమయ్యేటట్టు చెప్పు. నేను ఊరి బడిల ఏడు చదివినోణ్ణి.”

“అత్త డయాలసిస్ టోకెన్ కోసం ఫోన్‌ల నొక్కింది. సర్వర్ ఆమె పేరు రాసుకోలే. అంతకుముందు ఇంకెవరికో ఇచ్చిన టోకెన్ పేజీ తీసి చూపిచ్చింది. దాని మీద పేరుండది, నంబరే ఉంటది. అత్త తనదే అనుకున్నది.”

“దవాఖానకు పోతే పేరు లేదన్నరు.”

“ఆ.”

“ఒకసారి గాదు, రెండుసార్లు. కాళ్లు వాచినదాన్ని అఫ్జల్‌గంజ్‌ల బస్సు దింపి, ఇంకో బస్సు ఎక్కిచ్చి తీస్కపోయిన. కౌంటర్ కాడ అందరి ముంగట తిట్టిన. ఫోన్ నొక్కుడు గూడ రాదు నీకు అన్న.”

“చాయ్ తాగుదామా మామా?”

“కూసో. మూడోసారి గూడ టోకెన్ వచ్చిందన్నది. ఇగ నమ్మబుద్ధయితదా? పోనియ్యలే. తెల్లారి ఊపిరి ఆడక పానం పోయింది.”

“తెలుసు మామా.”

“నీకు తెలుసు. సుశీలకు తెల్వది. కన్నబిడ్డ, తొమ్మిది నెలలసంది గడప తొక్కలే. అమ్మను తీస్కపోకుంట నువ్వే చంపినవ్ అంటది. ఈ కాగితం దాని ముంగట పెడ్త. టోకెనే అబద్ధమైతే నేనెట్ల తీస్కపోవాలె?”

“వదినకు ఇయ్యకు మామా.”

“ఎందుకు? నీ కంపెనీ ఇజ్జత్ పోతదా? మస్తు జీతం తీసుకుంటవ్ గద, తప్పు ఒప్పుకోనీకి నోరొస్తలేదా?”

“కంపెనీ ముచ్చట గాదు.”

“మరేంది?”

“ఎందుకీ లొల్లి. వదిననే వస్తది ఓ రోజు.”

“నేనడిగింది గది గాదు. ఏంది?”

“జాబితా మీద తేదీ చూసినవా?”

“చూసిన. పోయిన వారం. అంటే పోయిన వారం దాంక ఆ తప్పు ఉండె.”

“అందరికి పోయిన వారం. మా కంపెనీల పద్ధతి గట్ల. ఎవరు మొత్తుకుంటే ముందు వాళ్ల దగ్గర బాగు చేస్తం. నెలలు గడిచినంక అన్ని కలిపి జాబితా బయట పెడ్తం.”

“ఆ దవాఖానోళ్లు మొత్తుకున్నరా?”

“మొత్తుకున్నరు. అత్త రెండోసారి వాపసొచ్చిన దినం మస్తుమంది వాపసొచ్చిన్రు.”

“అక్కడ ఎప్పుడు బాగు చేసిన్రు?”

“మామా...”

“తేదీ చెప్పు.”

“జూన్ పదకొండు.”

“చంద్రమ్మ పోయింది పద్నాలుగు.”

“ఆ.”

“మూడో టోకెన్ పదమూడుకు.”

“పన్నెండు నాడు నొక్కింది. గది అసలుదే మామా. నిన్న దవాఖానకు పోయి అడిగిన. ఆమె పేరు మీద మంచం ఆపి పెట్టిన్రు. పొద్దుగాల తొమ్మిదింటికి మూడుసార్లు పేరు పిలిచిన్రంట.”

“బాగైందని మాకెవ్వరు చెప్పలే.”

“ఎవ్వరికి చెప్పరు మామా. చెప్పే రివాజు లేదు.”

“ఒక్క మాట. ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?”





“ఏం పోకపోతుండె మామా. వదినకు ఆ తేదీ తెల్వది. కాగితం మీద లేదు. ఇస్తే ఇయ్యి, నేను నోరు తెరువ.”

“కలం ఉన్నదా?”

“ఉన్నది.”

“ఇరవై ఏడో తప్పు పక్కకు జూన్ పదకొండు అని రాయి.”

“వద్దు మామా, వదిన ఇగ జన్మల...”

“రాయి. పదమూడు నాడు చంద్రమ్మ ఎనిమిదింటికే చీర కట్టుకొని తయారైంది. నేను బయటనుంచి గొళ్లెం పెట్టి పనికి పోయిన. గది గూడ రాయి.”