సిగ్నల్ బాబాయ్, ఆరు రేడియోలు

"నిన్న నేను చేసింది పెద్ద పనేం కాదు," అన్నాడు సిగ్నల్ బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "ఎగువ వీధి ట్యాంకెక్కి ఏంటెన్నాని వేలెడంత పక్కకి తిప్పాను, అంతే. మీ కుళాయిలు ఎందుకు ఎండిపోయాయనుకున్నారు? ట్యాంకు మీద రేడియో 'నీళ్ళు అయిపోయాయి' అని చెప్పాలి, పంపు హౌస్‌లో రేడియో అది విని మోటారు వేయాలి. ఇది చెప్తూనే ఉంది, దానికి వినపడి చస్తేగా! పది రోజులు!"

"పన్నెండు," అన్నాడు ఇస్త్రీ అతను. "నీళ్ళు మోసి మోసి మా ఆవిడ భుజం వాచిపోయింది బాబాయ్."

"అందుకే కదయ్యా నేను దిగింది! ఊళ్ళో ట్యాంకులు ఆరు, రేడియోలు ఆరు. ఆరింటికీ పవరు ఒకటి నుంచి అయిదుకి పెంచేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన పంపు హౌస్ దాకా ఎందుకు, పక్క ఊరి మోటారు తిరగడం మొదలెట్టింది! వాళ్ళ ఆపరేటరు పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు."

"ఇరవై కిలోమీటర్లూ పరుగేనా?" అంది టీ కొట్టావిడ.

"చెప్పులు కూడా వేసుకోలేదు పాపం! సరే, పదికి పెంచా. రిటైరైన మాస్టారు ఆవులిద్దామని నోరు తెరిస్తే ఆయన కట్టుడుపళ్ళు 'ట్యాంకు సగం, ట్యాంకు సగం' అని వార్తలు చదివాయి. నడిసముద్రంలోంచి ఓడ కెప్టెన్ ఫోన్ చేసి, 'అయ్యా, మీ ట్యాంకు నిండిపోతోంది, మోటారు ఆపించండి' అని బతిమాలాడు. ఇక ఇరవైకి పెంచానా, పైన పోయే మబ్బుకి వినపడి, అది వెనక్కి తిరిగొచ్చి, సరిగ్గా మన ట్యాంకులో కురిసి, గీత దాకా రాగానే టక్కున ఆగిపోయింది. ఒక్క చుక్క బయట పడితే నన్నడగండి!"

"మరి కుళాయిలో నీళ్ళేవి బాబాయ్?" ఇస్త్రీ అతని గొంతులో నవ్వు లేదు.

"వస్తాయయ్యా, దారిలో ఉన్నాయి!"

అప్పుడే పంపు హౌస్ ఆపరేటరు వచ్చింది, చేతిలో స్పానరుతో. బాబాయ్‌కి స్వయానా మేనకోడలు.

"మామయ్యా, నువ్వు ట్యాంకు దిగిన దగ్గర్నుంచి తెల్లారేదాకా ఒక్క రేడియో మాటా నాకు వినపడలేదు," అంది. "ఆరూ ఒకేసారి గొంతు చించుకుంటే ఏది ఏమంటోందో ఎవరికి తెలుస్తుంది? పొద్దున్నే నేనెక్కి పవరు తగ్గించాను. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఊరుకునేలా వంతులు పెట్టాను. అప్పట్నుంచి ఒక్క కబురు తప్పిపోలేదు. ఎగువ ట్యాంకు నిండింది, ఇప్పుడే వాల్వు తిప్పి వచ్చాను."

బాబాయ్ మొహం చిన్నబోయింది. "ఈ కిటుకు నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? అన్నాల దగ్గర నువ్వు కబుర్లు మొదలెట్టాక అత్తయ్య ఉప్పందుకోమన్నా ఎవరికీ వినపడదు కదా. అది గుర్తొచ్చింది."

అందరూ గొల్లుమన్నారు. బాబాయ్ నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. నవ్వులు ఆగాక వీధి అవతల కుళాయి గుడగుడమని, రెండుసార్లు దగ్గి, ధార కట్టడం అందరికీ వినపడింది. ఇస్త్రీ అతను గ్లాసు వదిలేసి, "ఏమేవ్, నీళ్ళొచ్చాయే!" అని ఇంటివైపు పరుగెత్తాడు.

"చూశారా!" బాబాయ్ లేచి నిలబడ్డాడు. "నేను ఒక్క నిమిషం నోరు మూస్తే నీళ్ళొచ్చాయి! ఇంకెవడివల్లయినా అవుతుందా?"

"అయితే కాసేపు అలాగే ఉండు మామయ్యా," అంది మేనకోడలు. "ఇంకా అయిదు ట్యాంకులున్నాయి."